హనుమాన్: సంక్రాంతి ఎదురుచూపులు, ప్రీమియర్ టాక్, మన రివ్యూలు

కోనసీమ కుర్రాడు (7 జనవరి 2024, రాత్రి 10:42)

ప్రీ రిలీజ్ ఫంక్షన్ ఇప్పుడే అయిపోయింది. లైవ్ చూసినవాళ్లు ఎవరెవరు ఉన్నారు? చిరంజీవి గారు ముఖ్య అతిథి. అమ్ముడైన ప్రతి టికెట్ మీద 5 రూపాయలు అయోధ్య రామమందిరానికి ఇస్తామని టీమ్ తరఫున ఆయనే స్టేజీ మీద ప్రకటించారు. 22న ప్రాణప్రతిష్ఠ, 12న సినిమా. టైమింగ్ భలే కుదిరింది.

నేను 2022 నవంబరు 21న టీజర్ వచ్చినప్పటి నుంచి ఆగలేకపోతున్నా. మంచు గుహలో ధ్యానంలో ఉన్న హనుమంతుడు, వెనక రామనామం. ఆ ఒక్క షాట్ ఎన్నిసార్లు చూశానో నాకే తెలీదు. మధ్యలో 2023 మే 12 అన్నారు, అది దాటిపోయింది. ఇక ఈసారి వాయిదా లేదు. 11వ తేదీ సాయంత్రం పెయిడ్ ప్రీమియర్లు కూడా వేస్తున్నారు. ప్రీమియర్‌కి వెళ్లేవాళ్లు ఈ థ్రెడ్‌లోనే టాక్ చెప్పండి.

పాత టికెట్ (7 జనవరి, రాత్రి 11:15)

ఫంక్షన్ చూశాను తమ్ముడూ. తేజ సజ్జాని చిరంజీవి పక్కన చూస్తే మాలాంటి వాళ్లకి వేరే ఫీలింగ్. 1998లో ‘చూడాలని వుంది’లో ఆయన కొడుకుగా చేసిన బుడ్డోడు. ‘ఇంద్ర’లో చిన్నప్పటి ఇంద్రసేనారెడ్డి వాడే. ఆ పిల్లాడు పెరిగి సంక్రాంతి బరిలో హీరోగా దిగుతున్నాడు. గెలవాలని మనస్ఫూర్తిగా కోరుకుంటున్నా.

ట్రైలర్ చూశాక ఇంకో మాట కూడా చెప్పాలనిపించింది. అందరూ దీన్ని హాలీవుడ్ సూపర్ హీరోలతో పోలుస్తున్నారు. నాకు మాత్రం విఠలాచార్య జానపదాలు గుర్తొచ్చాయి. ఊరు, ఊరిని పీడించే పాలెగాడు, పని లేకుండా తిరిగే కుర్రాడు, వాడి చేతికి దొరికిన మహిమగల మణి, దానికోసం ఎక్కడి నుంచో వచ్చే దుష్టుడు. కాంతారావు కత్తి పట్టిన రోజుల్లో మనం చప్పట్లు కొట్టింది ఈ కథలకే. దర్శకుడు ప్రశాంత్ వర్మ దానికి కొత్త బట్టలు తొడిగాడని నా అంచనా.

వైజాగ్ విక్కీ (8 జనవరి, ఉదయం 8:05)

నాకూ ఆసక్తి ఉంది కానీ టెన్షన్ వేరే. 12నే ‘గుంటూరు కారం’. 13న ‘సైంధవ్’, 14న ‘నా సామిరంగ’. ‘ఈగల్’ ఫిబ్రవరి 9కి వెళ్లింది కాబట్టి ఒకటి తగ్గింది, అయినా నాలుగు. పెద్ద హీరోల సినిమాల మధ్య దీనికి మిగిలే థియేటర్లు ఎన్ని? సినిమా ఎంత బాగున్నా జనానికి దొరక్కపోతే ఏం లాభం?

ఇంకో భయం కూడా ఉంది. పోయిన ఏడాది రామాయణం పేరుతో వందల కోట్లు పెట్టి తీసిన ‘ఆదిపురుష్’ గ్రాఫిక్స్ చూసి మనసు విరిగిపోయింది. దీని బడ్జెట్ అందులో పదో వంతు కూడా ఉండదంటున్నారు.

రెండర్ రూమ్ (8 జనవరి, ఉదయం 9:30)

విక్కీ బ్రో, నేను హైదరాబాద్‌లో వీఎఫ్ఎక్స్ (సినిమా గ్రాఫిక్స్) లోనే పని చేస్తాను. ఈ సినిమాకి కాదు. అందుకే బయటివాడిగా మాట్లాడగలను.

గ్రాఫిక్స్ క్వాలిటీని డబ్బు ఒక్కటే నిర్ణయించదు. టైమ్, ముందస్తు ప్లానింగ్ కూడా అంతే ముఖ్యం. షూటింగ్‌కి ముందే షాట్ ఎలా ఉండాలో దర్శకుడికి పక్కాగా తెలిస్తే సగం ఖర్చు అక్కడే మిగులుతుంది. మా దగ్గర డబ్బు ఎక్కువగా వృథా అయ్యేది ‘మార్చండి, మళ్లీ మార్చండి’ దగ్గర. ఎడిటింగ్ ఖరారు కాకుండానే షాట్లు పంపిస్తారు, మేము నెల రోజులు చేసింది చివరికి సినిమాలోనే ఉండదు.

ట్రైలర్‌లో గమనించింది చెప్తా. భారీ హనుమంతుడి విగ్రహం ఎక్కువగా కనిపిస్తుంది. అది రాతి విగ్రహం. చర్మం, వెంట్రుకలు, కండరాల కదలిక ఉండవు కాబట్టి వెలుగునీడలు సరిగ్గా పడితే చాలు, నిజంలా కనిపిస్తుంది. దేవుడు కనిపించే చోట మంచు, పొగ, వెనక వెలుగు వాడారు. వీటివల్ల ఖర్చు తగ్గుతుంది, గాంభీర్యం పెరుగుతుంది. కష్టమైన పని ట్రైలర్‌లో కనిపించే ఆ కోతి. బొచ్చు మీద వెలుగు పడే తీరు కంప్యూటర్‌కి పెద్ద పరీక్ష. దగ్గరి షాట్లలో అది ఎలా ఉంటుందో చూడాలి.

మే నుంచి జనవరికి వాయిదా పడ్డప్పుడు చాలామంది తిట్టారు. నేను మాత్రం సంతోషించా. ఆ ఎనిమిది నెలలు ఆర్టిస్టులకి దొరికాయి.

బెజవాడ బ్లాక్ టీ (8 జనవరి, ఉదయం 11:20)

విగ్రహం మాట వచ్చింది కాబట్టి. హైదరాబాద్ నుంచి బెజవాడ వచ్చే హైవే మీద పరిటాలలో 135 అడుగుల ఆంజనేయుడు ఉన్నాడు కదా. బస్సు కిటికీలోంచి అది కనపడగానే ఇల్లు దగ్గరపడిందని మా అందరికీ లెక్క. సినిమాలో కొండని చెక్కినట్టున్న ఆ విగ్రహం చూడగానే మా ఇంట్లో అందరి నోటా వచ్చిన పేరు పరిటాలే. ఇలాంటిది తెర మీద చూస్తే మనవాడు మనవాడే అనిపిస్తుంది.

జగిత్యాల జవాన్ (8 జనవరి, మధ్యాహ్నం 1:10)

మాది కొండగట్టు దగ్గర. ఏటా అంజన్న దీక్ష తీసుకునే ఇల్లు మాది. సినిమా తప్పకుండా చూస్తా. కానీ ఒక ప్రశ్న నన్ను వదలట్లేదు. హనుమంతుణ్ణి సూపర్ హీరో అనొచ్చా? సూపర్ హీరో అంటే డ్రెస్సు, గాడ్జెట్లు, ఫైట్లు. అంజన్న మాకు దేవుడు. రేపు పిల్లలు ఆయన్ని కార్టూన్ బొమ్మల పక్కన పెట్టి చూస్తే మంచిగుంటదా? ఎవరినీ తప్పు పట్టి అడగట్లేదు, నిజంగా తెలుసుకోవాలనే.

లలితక్క (8 జనవరి, మధ్యాహ్నం 3:45)

జవాన్ తమ్ముడూ, మంచి ప్రశ్న. ట్రైలర్‌ని బట్టి చూస్తే ఇక్కడ హీరో హనుమంతుడు కాదు. హనుమంతు అనే ఊరి కుర్రాడు. దేవుడు దేవుడి స్థానంలోనే ఉన్నాడు, ఆయన శక్తిలో ఒక్క బిందువు ఈ పిల్లాడికి దొరికింది. అంతవరకూ నాకు అభ్యంతరం కనపడలేదు.

ఇంకో సంగతి. సూపర్ హీరో కథల్లో ఉండే అసలు ఘట్టం మనకి కిష్కింధ కాండ చివర్లోనే ఉంది. వానరులందరూ సముద్రం ముందు దిగాలుగా కూర్చుంటారు. హనుమంతుడు ఒక పక్కన మౌనంగా ఉంటాడు. చిన్నతనంలో ఋషుల శాపం వల్ల తన బలం తనకి గుర్తుండదు. జాంబవంతుడు వచ్చి నువ్వెవరివో తెలుసా అని గుర్తు చేశాక పెరుగుతాడు, పెరుగుతాడు, మహేంద్రగిరి అదిరిపోయేలా లేస్తాడు. మా నాన్నగారు ఏటా సుందరకాండ పారాయణ చేసేవారు. ఆ సముద్ర లంఘనం దగ్గరికి రాగానే పిల్లలం ఆటలు ఆపి వచ్చి కూర్చునేవాళ్లం. బలం ఉండి తెలియకపోవడం, ఎవరో ఒకరు నమ్మి గుర్తు చేయడం. ఈ సినిమా ఆ తీగని పట్టుకుంటే చాలు, పిల్లలకి మంచే జరుగుతుంది.

కోనసీమ కుర్రాడు (8 జనవరి, సాయంత్రం 6:02)

అక్కా, ఈ పోస్టు చదివాక టికెట్ ఇంకా ముందే బుక్ చేసుకోవాలనిపిస్తోంది.

ఇప్పుడు నా థియరీ వినండి. ట్రైలర్‌లో గడ్డంతో, కాషాయంతో నటుడు సముద్రఖని కనిపిస్తాడు. ఆయన మామూలు సాధువు కాదు. ఏడుగురు చిరంజీవుల్లో ఒకరు అయ్యుండాలి. అశ్వత్థామ, బలి, వ్యాసుడు, హనుమంతుడు, విభీషణుడు, కృపుడు, పరశురాముడు. నా ఓటు పరశురాముడికి.

సీమ సింహాచలం (8 జనవరి, సాయంత్రం 6:40)

రామకథలో మణిని కాపాడే మనిషి కావాలంటే నా ఓటు విభీషణుడికే. లంకలో ఉన్నప్పటి నుంచి హనుమంతుడితో పరిచయం ఉన్నవాడు, చిరంజీవి కూడా. పరశురాముడికి ఈ కథలో పనేముంది?

డాలస్ డైరీ (9 జనవరి, ఉదయం 7:30, ఇండియా టైమ్)

ఇక్కడ మాకు గురువారం సాయంత్రం షోలు. మీకు శుక్రవారం తెల్లవారుజాము అవుతుంది కాబట్టి మీ ప్రీమియర్ టాక్ మాకంటే ముందే వచ్చేస్తుంది. దయచేసి కథ చెప్పేయొద్దు. మా పిల్లలకి తెలుగు అర్థమవుతుంది కానీ మాట్లాడటం తక్కువ. స్కూల్లో వాళ్ల స్నేహితులంతా మార్వెల్ గురించే మాట్లాడుకుంటారు. ‘మన సూపర్ హీరో’ అని చెప్పి ఒక సినిమాకి తీసుకెళ్లడం మాకిదే మొదటిసారి.

మోడరేటర్ (9 జనవరి, ఉదయం 9:00)

మూడు మాటలు. కథలోని మలుపులు చెప్పే పోస్టు పైన ‘స్పాయిలర్’ అని రాయండి. పైరసీ లింకు పెడితే ఖాతా మూసేస్తాం. మిగతా మూడు సంక్రాంతి సినిమాల హీరోల మీద మాట తూలొద్దు, పండగ అందరిదీ.

వైజాగ్ విక్కీ (10 జనవరి, రాత్రి 9:18)

బుకింగ్స్ చూస్తున్నారా? ప్రీమియర్ షోలు పెడుతుంటే నిండిపోతున్నాయి. మా ఏరియాలో మొదట వేసిన షో నిండాక ఇంకోటి కలిపారు, అదీ అయిపోయింది. రేట్లు కూడా పెంచలేదు, మామూలు టికెట్టే. కుటుంబం మొత్తం వెళ్లే సినిమాకి ఇది చాలా పెద్ద విషయం. నాకు చివరికి ముందు నుంచి రెండో వరుస దొరికింది. మెడ నొప్పి వచ్చినా సరే వెళ్తున్నా.

వైజాగ్ విక్కీ (11 జనవరి, రాత్రి 8:05)

ఇంటర్వెల్. ఫస్ట్ హాఫ్ సరదాగా, హాయిగా వెళ్లిపోయింది. థియేటర్ అంతా పిల్లలే, పెద్దవాళ్లే. అరుపులు మామూలుగా లేవు. సెకండాఫ్ అయ్యాక రాస్తా.

సీమ సింహాచలం (11 జనవరి, రాత్రి 9:50)

ఇప్పుడే బయటికొచ్చా. ఒంట్లో ఇంకా వణుకు తగ్గలేదు. చివరి ఇరవై నిమిషాలు థియేటర్‌లో ఎవరూ కూర్చోలేదు. ‘జై శ్రీరామ్’ అని ఒక మూల మొదలైతే హాలంతా అందుకుంది. నా పక్కన ఒక పెద్దావిడ చేతులు జోడించి నిలబడిపోయింది. రేపు రాస్తానులే వివరంగా. ఇప్పుడు మాటలు రావట్లేదు.

వైజాగ్ విక్కీ (11 జనవరి, రాత్రి 10:35)

కథ చెప్పకుండా నా రివ్యూ.

158 నిమిషాల సినిమా. అంజనాద్రి అనే కల్పిత ఊరు. చిల్లర దొంగతనాలు చేస్తూ తిరిగే హనుమంతు, వాడిని కన్నబిడ్డలా చూసుకునే అక్క అంజమ్మ, వాడు ప్రేమించే డాక్టర్ మీనాక్షి. మణి దొరికే వరకు నెమ్మదిగా వెళ్తుంది, కానీ బోర్ కొట్టదు. గెటప్ శ్రీను, సత్య కామెడీ బాగా పేలింది. కోతికి రవితేజ గొంతు ఇవ్వడం మంచి ఆలోచన, ఆయన గొంతు వినపడగానే విజిల్స్.

తేజ చాలా బాగా చేశాడు. శక్తి వచ్చాక కూడా వాడు ఒక్కసారిగా వీరుడైపోడు. అదే అమాయకత్వం, అదే భయం. చొక్కా నలిగిన పక్కింటి కుర్రాడిలాగే ఉంటాడు. అక్క అంజమ్మగా చేసిన వరలక్ష్మీ శరత్‌కుమార్ పెళ్లి చీరలో కొబ్బరికాయలతో చేసే ఫైట్ ఈ సినిమాలో నాకు బాగా నచ్చిన సీన్లలో ఒకటి. మాస్ హీరోలకి పడాల్సిన చప్పట్లు ఆవిడకి పడ్డాయి.

నచ్చనివి కూడా చెప్తా. విలన్ మైఖేల్ పాత్ర మొదలైన తీరు అదిరింది, తర్వాత ఆ స్థాయిలో లేదు. సెకండాఫ్ మొదట్లో పది నిమిషాలు తగ్గించొచ్చు. ప్రేమకథ పాటలు కథని ఆపాయి. అయినా క్లైమాక్స్ అన్నిటినీ మరిపించింది. థియేటర్‌లోనే చూడాల్సిన సినిమా.

డాలస్ డైరీ (12 జనవరి, ఉదయం 9:40, ఇండియా టైమ్)

షో నుంచి ఇంటికొచ్చాం. పిల్లలు కారులో మొత్తం దారి ప్రశ్నలే. సూర్యుణ్ణి పండు అనుకుని ఎగిరాడా, ఇంద్రుడు ఎందుకు కొట్టాడు, దవడకి దెబ్బ తగిలితే ‘హనుమ’ అని పేరెందుకు వచ్చింది, అన్నీ అడిగారు. నాకు తెలిసినంత చెప్పా, మిగతావి వాళ్ల అమ్మమ్మకి ఫోన్ చేసి అడిగారు. సినిమా బాగోగుల లెక్క మీరు చూసుకోండి. అమ్మమ్మా మనవలూ అంతసేపు తెలుగులో మాట్లాడుకున్నారు, నాకు టికెట్ డబ్బులు అక్కడే వచ్చేశాయి.

జగిత్యాల జవాన్ (12 జనవరి, మధ్యాహ్నం 12:20)

మా దగ్గర టికెట్ దొరకట్లేదు. ఉన్న కొద్ది షోలూ ఫుల్. హైదరాబాద్‌లో ఉన్న మా తమ్ముడు చెప్పేదాన్ని బట్టి సింగిల్ స్క్రీన్లు చాలావరకు వేరే సినిమాకి వెళ్లిపోయాయట. ఇంత టాక్ వచ్చిన సినిమాకి జనం బయట నిలబడి వెనక్కి పోతున్నారు. బాధగా ఉంది.

పాత టికెట్ (12 జనవరి, సాయంత్రం 5:30)

బాధ సహజం. కానీ సంక్రాంతి లెక్క ఎప్పుడూ ఇంతే తమ్ముడూ. మొదటి రెండు రోజులు స్క్రీన్లు హీరో పేరు మీద పంచుతారు. కనుమ దాటాక టాక్‌ని బట్టి మారతాయి. ఈసారి ఒప్పందం చేసుకుని కూడా కొన్ని థియేటర్లు సినిమా వేయలేదని నిర్మాతల మండలి దాకా వెళ్తోంది అంటున్నారు. ఒప్పుకున్నాక వేయాల్సిందే, అది వ్యాపార ధర్మం. ఏదేమైనా జనం అడిగే సినిమాని ఎవరూ ఎక్కువ రోజులు ఆపలేరు. వారం ఆగి చూడు.

సీమ సింహాచలం (12 జనవరి, రాత్రి 8:15)

*స్పాయిలర్. చూడనివాళ్లు ఈ పోస్టు దాటేయండి.*

మాట ఇచ్చాను కదా, వివరంగా రాస్తున్నా.

ముందుగా కోనసీమ తమ్ముడికి: సముద్రఖని విభీషణుడే! ఆయన ఎవరో తెలిసిన క్షణం నేను సీట్లోంచి లేచిపోయా.

నాకు నచ్చిన అసలు విషయం ఏంటంటే, దేవుణ్ణి దాచిపెట్టిన తీరు. సినిమా అంతా హనుమంతుడు ఉన్నాడు. విగ్రహంలో ఉన్నాడు, రక్తబిందువు మణిలో ఉన్నాడు, కోతి తోకలో ఉన్నాడు. మనిషిగా మాత్రం కనపడడు. రెండున్నర గంటలు ఊరించి, ఊరంతా చేతులెత్తేసిన చోట, హిమాలయాల్లో మంచు పగిలి ఆయన కదిలితే ఇంకేం కావాలి? అదే ఆయన్ని ఇంటర్వెల్‌లో ఒకసారి, పాటలో ఒకసారి చూపించి ఉంటే చివర్లో ఆ ఊపు వచ్చేది కాదు. డబ్బు తక్కువ కాబట్టి దాచారో, కథ కోసం దాచారో నాకు అనవసరం. దాచడమే ఈ సినిమా బలం.

ఇక మణి ఎండ పడితేనే పని చేస్తుందనే నియమం. చాలామంది దీన్ని తేలిగ్గా తీసుకుంటున్నారు. సూర్యుడు హనుమంతుడికి గురువు. వ్యాకరణం నేర్పింది ఆయనే. కాబట్టి సూర్యకాంతి లేకపోతే శక్తి లేదు అనేది మన పురాణంలోంచే వచ్చిన పరిమితి. హీరో రాత్రయితే మళ్లీ మామూలు కుర్రాడు. పరిమితి ఉంటేనే కదా టెన్షన్ ఉంటుంది.

రెండర్ రూమ్ (13 జనవరి, ఉదయం 10:10)

చూశాను. మా పనివాళ్ల తరఫున గర్వంగా రాస్తున్నా.

ప్రతి షాట్ గొప్పగా లేదు. సెకండాఫ్‌లో రెండు మూడు చోట్ల ముందున్న మనిషికీ వెనక ఉన్న దృశ్యానికీ వెలుగు కలవలేదు, అతికించినట్టు తెలిసిపోతుంది. కోతి దగ్గరి షాట్లు కొన్ని మెత్తగా ఉన్నాయి. కానీ ముఖ్యమైన చోట ఎక్కడా తప్పలేదు. నీళ్ల అడుగున ఉన్న సీను, విగ్రహం సీన్లు, క్లైమాక్స్, వీటికే వాళ్లు టైమ్ పెట్టారని అర్థమవుతుంది. డబ్బు తక్కువ ఉన్నప్పుడు అన్ని షాట్లకీ సమానంగా పంచితే అన్నీ సగం సగమే వస్తాయి. ఏ షాట్ దగ్గర జనం ఊపిరి బిగబడతారో తెలుసుకుని అక్కడ పెట్టాలి. ప్రశాంత్ వర్మకి అది తెలుసు. ‘జాంబీ రెడ్డి’ అప్పుడు కూడా చిన్న డబ్బుతోనే కొత్త జానర్ తెచ్చాడు.

మన ఇండస్ట్రీలో ఆర్టిస్టుల పేర్లు చివర్లో పరిగెత్తిస్తారు, జనం అప్పటికే పార్కింగ్‌లో ఉంటారు. ఈ సినిమాకి మా షోలో చాలామంది పేర్లు అయ్యేవరకు కదల్లేదు. ఆ పేర్లలో నాకు తెలిసినవాళ్లు ఉన్నారు. కళ్లు చెమర్చాయి.

బెజవాడ బ్లాక్ టీ (13 జనవరి, మధ్యాహ్నం 2:25)

*స్పాయిలర్ ఉంది.*

అందరూ పొగుడుతున్నారు, నేను కూడా ఎంజాయ్ చేశాను. కానీ మైఖేల్ గురించి మాట్లాడాలి. సౌరాష్ట్రలో ఉన్న ఆ పిల్లాడు, సూపర్ హీరోలకి అమ్మానాన్నలు ఉండరు కాబట్టి తన అమ్మానాన్నల్ని తానే చంపేస్తాడు. మన తెలుగు సినిమాలో ఇంత భయంకరమైన, ఇంత కొత్త విలన్ ఆలోచన నేను చూడలేదు. సూపర్ హీరో పిచ్చి ముదిరితే ఏమవుతుందో ఆ ఒక్క సీను చెప్పేసింది. అంత గొప్పగా మొదలుపెట్టి, తర్వాత అతణ్ణి నల్ల సూటు వేసుకుని హెలికాప్టర్‌లో దిగే మామూలు విలన్ చేసేశారు. వినయ్ రాయ్ ఉన్నంతలో బాగా చేశాడు. అతనికీ హనుమంతుకీ మధ్య ఒక్క మంచి సంభాషణ పడి ఉంటే! ఒకడు శక్తి కోసం కన్నవాళ్లని వదులుకున్నాడు, ఇంకొకడికి అక్కే లోకం. ఆ రెండూ ఎదురెదురుగా నిలబడాల్సింది.

లలితక్క (13 జనవరి, సాయంత్రం 4:50)

నీ మాటతో పూర్తిగా ఏకీభవిస్తున్నా. దానికి ఒకటి కలుపుతా. మైఖేల్ శక్తిని కొనాలనుకున్నాడు, కట్టుకున్నాడు, తయారు చేయించుకున్నాడు. హనుమంతుకి శక్తి అడగకుండా వచ్చింది. ‘హనుమంతుడు సూపర్ హీరోనా’ అని జవాన్ తమ్ముడు అడిగిన ప్రశ్నకి సినిమా ఇక్కడ జవాబు చెప్పే ప్రయత్నం చేసింది. సూపర్ హీరో కావాలని కోరుకున్నవాడు రాక్షసుడయ్యాడు. ఊరి కోసం నిలబడ్డవాడి వెనక దేవుడు నిలబడ్డాడు. ఇంకాస్త గట్టిగా చెప్పాల్సింది, అంతే.

నిద్రపోని నాన్న (14 జనవరి, ఉదయం 7:45)

భోగి శుభాకాంక్షలు అందరికీ. ఒక సహాయం కావాలి. మా పాపకి నాలుగేళ్లు. తీసుకెళ్లొచ్చా? భయపడే సీన్లు ఉన్నాయా? ఇంట్లో రోజూ ‘సూపర్ హీరో హనుమాన్’ పాట పెట్టమని ఏడుస్తోంది.

లలితక్క (14 జనవరి, ఉదయం 8:20)

యు/ఎ సర్టిఫికెట్ బాబూ. మొదట్లో మంటల సీను ఒకటి ఉంది, అది పిల్లలకి భారంగా ఉంటుంది. సెకండాఫ్‌లో కూడా ఊరివాళ్లు దెబ్బలు తినే చోటు కొంచెం కఠినంగా ఉంటుంది. ఆ రెండు చోట్ల ఒళ్లో కూర్చోబెట్టుకుని మాటల్లో పెట్టు. మిగతాదంతా నవ్వుతూ చూస్తుంది. పగటి షోకే వెళ్లండి, నిద్ర టైముకి అయితే క్లైమాక్స్ శబ్దానికి ఉలిక్కిపడుతుంది.

జగిత్యాల జవాన్ (16 జనవరి, రాత్రి 11:05)

కనుమ రోజు దొరికింది టికెట్! ఇంట్లో అందరం కలిసి వెళ్లాం.

నా ప్రశ్నకి నా జవాబు రాస్తున్నా. అంజన్నని సూపర్ హీరో చేశారా అంటే, చేయలేదు. ఆయన్ని ఎక్కడా కిందికి దించలేదు. ఆయన రూపం వచ్చినప్పుడు మా అమ్మ చెప్పులు విడిచి కూర్చుంది. అయితే ఒక మాట ఇప్పటికీ నాకు అంగీకారం కాదు. బయట పోస్టర్లలో, ఇంటర్వ్యూలలో ‘తొలి సూపర్ హీరో హనుమంతుడు’ అనే ప్రచారం. భక్తి వేరు, బ్రాండ్ వేరు. సినిమా ఆ తేడా పాటించింది, ప్రచారం పాటించలేదు. ముందుముందు ఇలాంటి సినిమాలు వరసగా వస్తాయి, అందరికీ ఇంత శ్రద్ధ ఉండదు. అందుకే చెప్తున్నా.

‘శ్రీరామదూత స్తోత్రం’ వచ్చే చోటు మాత్రం ఎంత పొగిడినా తక్కువే.

వైజాగ్ విక్కీ (17 జనవరి, ఉదయం 9:12)

పాత టికెట్ గారు చెప్పినట్టే అయింది. పండగ దాటగానే మా ఊళ్లో స్క్రీన్లు పెరిగాయి. హిందీలో కూడా రోజురోజుకీ పెరుగుతోంది. అక్కడ ఎవరికీ తేజ సజ్జా ఎవరో తెలియదు. కథ, దేవుడు, చివరి ఇరవై నిమిషాలు, ఇవే లాగుతున్నాయి.

కోనసీమ కుర్రాడు (21 జనవరి, రాత్రి 8:30)

టీమ్ లెక్క బయటపెట్టింది. 53,28,211 టికెట్ల మీద 5 రూపాయల చొప్పున 2,66,41,055 రూపాయలు అయోధ్యకి ఇస్తున్నారు. ప్రీమియర్ల టికెట్లే 2,97,162, దానికి 14,85,810 రూపాయలు ముందే ఇచ్చారు. ఒక్క రాత్రి దాదాపు మూడు లక్షల మంది! థియేటర్లు దొరక్క సతమతమైన సినిమాకి ఇది. స్టేజీ మీద ఇచ్చిన మాట నిలబెట్టుకున్నందుకు చేతులెత్తి దండం పెట్టాలి.

సీమ సింహాచలం (21 జనవరి, రాత్రి 9:05)

సూపర్! ఇక అసలు విషయానికి వద్దాం. చివర్లో ‘జై హనుమాన్’ అని 2025కి వేశారు. రాముడికి హనుమంతుడు ఇచ్చిన మాట ఏంటి అనేదే కథ అన్నారు. ఆ పాత్ర ఎవరు చేయాలి? నాకైతే పెద్ద స్టారే కావాలి. అంత గాంభీర్యం ఇంకెవరికి వస్తుంది?

పాత టికెట్ (21 జనవరి, రాత్రి 9:40)

నేను ఒప్పుకోను. స్టార్ వస్తే ఆయన అభిమానులకి పాట కావాలి, ఎంట్రీ కావాలి, పంచ్ డైలాగ్ కావాలి. మన దగ్గర పౌరాణికాల్లో ఎన్టీఆర్‌ని జనం దేవుడిగా చూశారంటే, కెమెరా ముందు ఉన్నంతసేపూ ఆయన కృష్ణుడిగానే ఉన్నాడు కాబట్టి. ఆ నిష్ఠ ఉన్నవాడు దొరికితే పెద్ద హీరో అయినా సరే, కొత్తవాడైనా సరే. లేదంటే ఈ సినిమాలో లాగా పొగమంచులోనే ఉంచండి.

రెండర్ రూమ్ (21 జనవరి, రాత్రి 10:15)

ఈసారి పొగమంచు కుదరదు సార్. టైటిలే ఆయన పేరు మీద ఉంది. ముఖం చూపించాలి, మాట్లాడించాలి, ఏడిపించాలి కూడా. పూర్తిగా కంప్యూటర్‌లో చేసిన ముఖంతో కన్నీళ్లు తెప్పించడం మా పనిలో అన్నిటికన్నా కష్టం. నటుడి ముఖం మీద కొద్దిగా మేకప్, దానిమీద కొద్దిగా గ్రాఫిక్స్ అయితే చేయగలం. అందుకే నా కోరిక ఒక్కటే. 2025 అని తేదీకి కట్టుబడి తొందరపడొద్దు. మొదటి భాగానికి దొరికినట్టే దీనికీ టైమ్ ఇవ్వండి.

మోడరేటర్ (22 జనవరి, ఉదయం 8:00)

‘జై హనుమాన్’కి విడిగా థ్రెడ్ తెరిచాం. నటుల ఎంపిక చర్చ అక్కడికి తీసుకెళ్లండి. ఇది రివ్యూల కోసం తెరిచే ఉంటుంది.

నిద్రపోని నాన్న (22 జనవరి, మధ్యాహ్నం 12:50)

లలితక్కా, నిన్న మ్యాట్నీకి వెళ్లాం. మంటల సీనప్పుడు మీరు చెప్పినట్టే చేశాను, పాప అసలు గమనించలేదు. ఆ కోతికి అంత పెద్ద మగ గొంతు ఎలా వచ్చిందని మాత్రం ఇంటికొచ్చాక కూడా అడుగుతూనే ఉంది. ఈ శనివారం మా అత్తామామల్ని తీసుకెళ్తున్నా. సికింద్రాబాద్ వైపు మ్యాట్నీ ఇంకా ఎక్కడ నడుస్తోందో ఎవరికైనా తెలిస్తే చెప్పండి. పెద్దవాళ్లు మెట్లు ఎక్కలేరు, లిఫ్ట్ ఉన్న హాలు అయితే మంచిది.